మూత తీసి అడిగే ఆట

నరసాపురం ప్యాసింజరు పాలకొల్లు దాటింది. నా ఎదురు సీటులో ఒక ఇంజనీరింగు కాలేజీ అమ్మాయి అరచేతిలో ఇమిడే గేమ్ మెషీను పట్టుకుని ఆడుకుంటోంది. దుబాయి నుంచి మేనమామ తెచ్చాడట. ఇలాంటివాటి మీద నాకు మోజు లేదు. కానీ తెర మీద గడ్డిలోంచి చిత్రమైన జంతువొకటి లేవడం, ఈ పిల్ల దాన్ని కాసేపు బాది, అది సొమ్మసిల్లబోతుండగా ఒక ఉండలోకి లాక్కోవడం చూసి నా ప్రాణం లేచొచ్చింది. అది నాకు తెలిసిన ఆట. ఒక వేసవంతా, తెర లేకుండా, కరెంటు లేకుండా, ఒక అరుగు మీద కూర్చుని ఆడిన ఆట.

"మూడు రోజులయ్యాక మూత తీసి అడగాలి కదమ్మా, ఉంటావా పోతావా అని?" అన్నాను, పెద్ద తెలిసినదానిలా.

"ఏంటాంటీ?"

"పట్టుకున్నదాన్ని అడగవా?"

"అడగడమేంటాంటీ! పట్టుకుంటే ఇంక మనదే. పేరు పెడతావా లేదా అని ఆటే మనల్ని అడుగుద్ది. అవునో కాదో నొక్కాలి. అంతే."

పాతరకంలో ఉండేదేమో అన్నాను. మొదటిదాని నుంచీ అన్నీ ఆడిందట. ఏ ఒక్కదాన్లోనూ పట్టుకున్న జంతువుని దాని ఇష్టం అడగడం లేదట. నరసాపురంలో అందరూ దిగిపోయారు. నేను ప్లాట్‌ఫారం బెంచీ మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

"ఆటలో అలాగే ఉందండి, నేను కల్పించింది కాదు." ఆ ఆట మాకు నేర్పినావిడ రోజుకి నాలుగుసార్లు అనే మాట ఇది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. పోయినవాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదంటారు. నాకొచ్చింది కోపం కాదు, భయం. నేను చేసిన పనేమిటో అప్పుడు నాకు అర్థమైంది.

ఆవిడని అందరూ కువైట్ ఆవిడ అనేవారు. మా వైపు ప్రతి వీధికీ ఇద్దరు ముగ్గురు కువైట్ ఆడవాళ్ళుంటారు గనక ఆ పేరు మీద ఉత్తరం రాస్తే చేరదు. అయినా ఆ వీధిలో ఆ మాటంటే ఆవిడే. నేనప్పుడు నరసాపురం దగ్గర ఒక కాలవగట్టు ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. ఆవిడ అక్కగారింట్లో ఒక వాటా అద్దెకి తీసుకుని ఉండేదాన్ని. మొగుడు వదిలేసి పోతే, నాలుగేళ్ళ కూతుర్ని అక్క చేతిలో పెట్టి ఆవిడ కువైట్ వెళ్ళింది. ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో వండింది, ఆ ఇంటి బాబుని పెంచింది. పిల్లాజెల్లా లేని అక్కగారు ఇక్కడ ఈవిడ కూతుర్ని పెంచింది. ఆ ఏప్రిల్లో ఆవిడ ఇంక వెళ్ళనని తిరిగొచ్చేసరికి పాపకి పన్నెండేళ్ళు. పాప పెద్దమ్మని అమ్మా అనేది. కన్నతల్లిని కువైట్ అమ్మా అనేది, అదీ ఎవరైనా గట్టిగా చెబితేనే.

ఆవిడ పాలకొల్లులో రెండు గదులు మాట్లాడుకుంది, కుట్టుమిషను కొనుక్కుంది. జూన్లో బడులు తెరిచేసరికి పాపని అక్కడ చేర్పించుకోవాలని ఆవిడ ఆశ. అక్కగారు కాదనలేదు, అవుననీ అనలేదు. "కన్నది అదేనండి, నేనెవర్ని కాదంటానికి? పిల్ల ఇష్టం కూడా చూడాల కదండి" అంది, కొంగు వేలికి చుట్టుకుంటూ. సంగతి చర్చి పెద్దల దాకా వెళ్ళింది. మే నెల ఆఖరి ఆదివారం ఆరాధన అయ్యాక పాపనే కూర్చోబెట్టి అడుగుదామన్నారు పాస్టరుగారు. అందాకా ఈ విషయం ఎవరూ పిల్ల దగ్గర ఎత్తకూడదు, అటూ ఇటూ లాగకూడదు అన్నారు. ఆవిడ "ఆయ్, అలాగేనండి" అని తలూపి వచ్చింది. పెద్దలు చెప్పిన మాట మీరే మనిషి కాదు.

ఆవిడ నిలబడి తినేది. పీట వేసినా, కుర్చీ లాగినా, కంచం చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మానికి ఆనుకుని నాలుగు ముద్దల్లో ముగించేది. కూచుని తింటే దిగదనేది. పాలు లేని టీ గాజుగ్లాసులో తాగేది. ఎవరైనా తాత్సారం చేస్తే "యల్లా, యల్లా" అనేది. అక్కడి భాషలో పదండి పదండి అనట. బట్టల సోడానీళ్ళకీ బాత్రూములు కడిగే మందుకీ వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, గరుకు తేలి ఉండేవి. ఎదురింటివాళ్ళు సంతకి వెళ్తూ తలుపుకి బయట గడియ పెట్టుకుంటే, ఆవిడ చేస్తున్న పని ఆపి అటు చూసేది. "లోపలెవరూ లేరు కదండి?" అని నన్ను అడిగేది. లేరని చెప్పినా ఒకసారి వెళ్ళి చూసొచ్చేది.

ఒకసారి చెప్పింది: "మూడేళ్ళు నా పాస్‌పోర్టు ఎక్కడుందో నాకు తెలీదండి. మేడం బ్యాంకులో పెట్టేనంది. ఓరోజు బాబు బొమ్మల బీరువా సర్దుతుంటే రైలుబండి కింద కనపడింది."

"తీసుకున్నావా?"

"తీసి, ఫొటో చూసుకుని, మళ్ళీ అక్కడే పెట్టేసేనండి."

"అయ్యో, ఎందుకమ్మా?"

"తీసుకుని ఎక్కడికెళ్తానండి?" అని నవ్వింది. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

ఆట నేర్చుకున్నది ఆ బాబు దగ్గరే. వాడు ఏదో గుహలో చిక్కుకుపోయినప్పుడల్లా వంటింట్లోకొచ్చి మెషీను ఈవిడ చేతిలో పెట్టేవాడట, దాటించి ఇమ్మని. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఈవిడ దాటించేది. తెర మీద రాసి ఉన్నది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. "దెబ్బ తిని తెలుసుకున్నదేనండి అంతా" అనేది.

మా వీధిలో అన్నాలయ్యాక ఆడవాళ్ళు అక్కగారి అరుగు మీద చేరి లేసు అల్లేవారు. చేతులు ఆడుతూనే ఉండాలి, చూపు దారం మీంచి లేవకూడదు. నోటికీ చెవులకీ మాత్రం పని ఉండదు గనక ఊళ్ళోవాళ్ళ బండారాలన్నీ అక్కడే బయటపడేవి. సెలవులు కదా, పాప కూడా పెద్దమ్మ పక్కన కూర్చుని అల్లేది. ఈవిడ వెళ్ళి పక్కన కూర్చుంటే పలికేది కాదు. ఎదురుగా కూర్చుంటే లేచి లోపలికి పోయేది. మూడో రోజున ఈవిడ ఎవరి వంకా చూడకుండా, తనలో తను అనుకుంటున్నట్టు మొదలెట్టింది.

"లాకుల దగ్గర గుర్రపుడెక్కలో ఏదో కదుల్తాంది. ఎవరన్నా ఎళ్ళి చూస్తారేంటి?"

ముందు పలికింది ఎదురింటి ముసలమ్మగారు. "నే చూస్తానే. ఏంటది, పామా?" అంది. అలా మొదలైంది.

తెర మీద చూస్తూ ఆడాల్సిన ఆటని తెర వైపు చూడ్డానికి వీల్లేని ఆడవాళ్ళ కోసం ఆవిడ మార్చిన తీరు ఇప్పుడు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే. ఒకరు చెప్పేవాళ్ళు, మిగతావాళ్ళు నడిచేవాళ్ళు. ఎక్కడున్నామో, ఎదురుగా ఏముందో చెప్పేవాళ్ళు చెబుతారు. ఎటు వెళ్ళేదీ, ఏం చేసేదీ నడిచేవాళ్ళు చెబుతారు. గెలుపోటములు ఐదు గవ్వలు తేలుస్తాయి. ఎవరి వంతొస్తే వాళ్ళు మాత్రం సూది కింద పెట్టి గవ్వలు వెయ్యాలి. జంతువు బలానికి గుర్తు చింతపిక్కలు. దెబ్బ తగిలితే ఒక పిక్క తీసెయ్యాలి. మూడే మిగిలాక తాటాకు బుట్ట వేసి పట్టుకోవచ్చు. అన్నిటికంటే చమత్కారం కాలం లెక్క: లేసు ఒక వరస పూర్తయితే ఒక రోజు గడిచినట్టు. చేయి చురుకైన అక్కగారికి రోజులు గబగబా గడిచిపోయేవి, ముసలమ్మగారికి పొద్దే గూకేది కాదు. తెల్లారాలంటే అల్లాలి గనక పని రెట్టింపయింది. లేసు కొనుక్కెళ్ళే ఏజెంటు మొహం చాటంతయ్యేది.

మిగిలిన దారపు ముక్కలతో ఆవిడ ఆ జంతువుల్ని కూడా అల్లి పెట్టింది. వీపు మీద దీపమున్న ఉప్పుటేటి తాబేలు, చేతులకి బదులు తామరాకులున్న కప్ప, రొయ్యల చెరువులో ఏతాములా మెడ వంచే కొంగ. కువైట్ బాబు మెషీనులో కొంగకి ఏతామెలా వచ్చిందని ఎవరూ అడగలేదు. అడిగితే మాత్రం ఏముంది, ఆటలో అలాగే ఉందనేది. ముసలమ్మగారు తన కప్పని ఎవరి మీదకీ యుద్ధానికి పంపేది కాదు. "దానికి ఒంట్లో బాగోలేదే" అనేది. అదేం ఆటండీ అంటే, "నీకేం తెల్సు, పెంచేదాన్ని నేను" అనేది.

రెండో వారంలో పాప నోరు విప్పింది, తలెత్తకుండానే. "తాబేలు నీళ్ళలో మునిగితే వీపు మీద దీపం ఆరిపోదా?"

"ఆరదమ్మా" అంది ఆవిడ. ఒకటికి రెండుసార్లు దగ్గింది. "ఆటలో అలాగే ఉంది." మర్నాటి నుంచి పాపా ఆడింది. తల్లీ కూతుళ్ళు రోజూ రెండు గంటలు మాట్లాడుకునేవారు, అయితే కొంగల గురించీ కప్పల గురించీ.

ఇక మూత సంగతి. జంతువుని పట్టుకున్నాక మూడు వరసలు అల్లాలి. అప్పుడు బుట్ట మూత తీసి, "ఉంటావా, పోతావా?" అని అడగాలి. జంతువు తరఫున చెప్పేవాళ్ళు జవాబు చెబుతారు. ఉంటానంటే ఇంక మనిషికి అదీ, దానికి మనిషీ. పోతానంటే బతిమాలకూడదు, అరుగు అంచున పెట్టి పంపెయ్యాలి. చెప్పేది ఎప్పుడూ ఆవిడే.

నేను ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరకున్నంత ఉత్తమం లేదని పిల్లలకి కాపీ రాయించే నేనే తగుదునమ్మా అని పొడుగు నోటుపుస్తకం తెరిచి ఆట రూల్సన్నీ వరసగా రాయడానికి కూర్చున్నాను. రాస్తుంటే ఒకటి కనిపెట్టాను. పాప బుట్టలో పడ్డ జంతువులన్నీ "ఉంటాను" అంటాయి. మా బుట్టల్లోవి సగం పోతామంటాయి.

"ఇదేం న్యాయం? వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటేనన్నట్టుంది" అన్నాను నవ్వుతూ.

అరుగంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "ఆటలో అలాగే ఉందండి" అంది.

"ఆటలో ఉంటే ఉండనీ. మనం మార్చుకుందాం. బుట్ట ఎవరిదైతే, వాళ్ళకి కుడిపక్కన కూర్చున్నవాళ్ళు జవాబు చెప్పాలి. అప్పుడు ఎవరికీ పక్షపాతం ఉండదు."

ఆవిడ ఏదో అనబోయి ఆగిపోయింది. టీచరుగారన్నాక ఎదురుచెప్పే అలవాటు లేదు. నేను పుస్తకంలో రాసేశాను, కింద గీత కూడా గీశాను. అది కువైట్ బాబు మెషీనులోంచి వచ్చిన రూలనుకున్నాను. ఎవరో తెలియని కంపెనీవాళ్ళు పెట్టుకున్నది, మార్చితే పోయేదేముంది అనుకున్నాను. అది ఆవిడదని తెలిసి ఉంటే ముట్టుకునేదాన్ని కాదు.

ఆవిడ కావాలని అబద్ధమాడిందో, పొరబడిందో ఈ రోజుకీ నాకు తెలియదు. పట్టుకోగానే తెర మీద ఏదో ప్రశ్న వస్తుందని రైల్లో పిల్ల చెప్పింది కదా. అక్షరం రాని మనిషి, బయట గడియ పెట్టిన ఇంట్లో కూర్చుని ఆ ప్రశ్న చూసి, ఆ జంతువుని వాళ్ళేదో మర్యాదగా అడుగుతున్నారనుకుందేమో. తనని ఎవరూ అడగని ప్రశ్న అదొక్కటే గనక అదే అనుకుని ఉంటుంది.

ఆఖరి ఆదివారం నాలుగు రోజుల్లో ఉందనగా, ఆవిడ ఎప్పుడూ చెప్పడమే గానీ ఆడలేదని నాకే తోచింది. "ఇవాళ నేను చెబుతాను, నువ్వు ఆడు" అన్నాను. సంబరపడింది. చిన్నపిల్లలా చీర కుచ్చెళ్ళు సర్దుకుని నడిచేవాళ్ళలో కూర్చుంది. ఆవిడకి కుడివైపున పాప ఉంది. నేను చూశాను. చూసి, ఎంత బాగుందో అనుకున్నాను కూడా.

ఆవిడకి ఉప్పుటేటి తాబేలు ఎదురైంది. అందరిలా దాన్ని బాదలేదు. మూడు వంతులూ దానికి మేత వేస్తున్నానంది; దెబ్బకి తీసినట్టే మేతకీ నేను పిక్కలు తీశాను. నాలుగో వంతులో బుట్ట వేసింది. గవ్వలు ఐదూ వెల్లకిలా పడ్డాయి. "పట్టేసిందే!" అని అరిచింది ముసలమ్మగారు. ఇక మూడు వరసలు అల్లాలి.

మొదటి వరస అయింది. రెండోది అయింది. మూడో వరస ఎంతకీ అవలేదు. ఆవిడ వేళ్ళు మామూలుగానే నెమ్మది. ఆ రోజు ఒక్కొక్క ముడీ వేసి, నచ్చలేదన్నట్టు ఊడదీసి, మళ్ళీ వేసింది. జవాబు ఎవరు చెప్పాలో ఆవిడకి తెలుసు. అరుగు మీద అందరికీ తెలుసు. పెద్దలు వద్దన్న ప్రశ్న తాను అడగడం లేదు, తాబేలుని అడుగుతోంది, అంతే. చివరికి వరస ముగించి, దారం పళ్ళతో తెంపి, బుట్ట ముందుకి జరిపి మూత తీసింది.

"ఉంటావా, పోతావా?" అంది.

పాప సూది ఆపలేదు. "పట్టుకున్నప్పుడు నన్ను అడిగేవా?" అంది. "వదిలేసి పోయినప్పుడు అడిగేవా? ఇప్పుడెందుకు అడుగుతున్నావ్? నా ఏరు నాకుంది. పోతాను."

అక్కగారి చేతిలో లేసు ఒళ్ళో జారిపోయింది. ముసలమ్మగారు "అదేంటే, తాబేలు అన్ని మాటలు మాట్టాడుద్దా" అంది గానీ ఎవరూ నవ్వలేదు. పిల్లి మీదా ఎలక మీదా పెట్టి అనడం మా వీధిలో అందరికీ వచ్చు. ఆ పిల్ల అంత సూటిగా అంటుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. అందరి చూపులూ తన కూతురి మీద పడ్డాయని గమనించి, నెమ్మదిగా తలెత్తింది ఆవిడ.

"పిల్ల తప్పేం లేదండి. ఆటలో అలాగే ఉంది. పోతానంటే పంపించాల" అంది. తాబేలుని తీసి, దారపు దీపం సరిచేసి, అరుగు అంచున పెట్టింది. మళ్ళీ తన చోట కూర్చుని లేసు తీసుకుంది. "యల్లా, ఎవరిదండి వంతు?" అంది నాతో. నేనేదో చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు బల్లల మీద కూర్చున్నారు. నేను చర్చికి వెళ్ళే మనిషిని కాను, అయినా ఆ రోజు వెళ్ళి వెనక నిలబడ్డాను. పాపని పిలవబోతుంటే ఆవిడ లేచి చేతులు జోడించింది. "పిల్లని అడగొద్దండి. నలుగురి మధ్యా నిలబెట్టి బాధపెట్టొద్దు. దాని ఇష్టం నాకు తెలిసిపోయింది. అక్క దగ్గరే ఉంటదండి" అంది. పెద్దలు సంతోషించారు. తల్లి మనసంటే ఇలా ఉండాలన్నారు. అది ఆటలో అన్న మాటండీ, అసలు పిల్లని ఒకసారి అడగండీ అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. వాళ్ళింటి సంగతి, మనకెందుకు అనుకున్నాను. ఆటలో వేలు పెట్టినప్పుడు ఈ బుద్ధి నాకు లేదు.

జూన్ వానలు పడకముందే ఆవిడ కువైట్ వెళ్ళిపోయింది. కుట్టుమిషను కూతురి పేరున అక్కగారింట్లో వదిలింది. మధ్యలో రెండుసార్లు వచ్చి, చుట్టపుచూపుగా పదేసి రోజులుండి వెళ్ళింది. నేను బదిలీ అయ్యాను. రెండేళ్ళ క్రితం ఆవిడ కువైట్‌లోనే, ఏ జబ్బో ఎవరికీ సరిగ్గా తెలియకుండా, పోయింది.

ప్లాట్‌ఫారం బెంచీ మీంచి లేచి నేను తిన్నగా ఆస్పత్రికి వెళ్ళాను. పాప అక్కడ నర్సు. డ్యూటీ దిగి చేతులు కడుక్కుంటోంది. చేతుల తీరు తల్లిదే. నన్ను చూసి నవ్వి కుర్చీ వేసింది. రైల్లో సంగతి చెప్పాను. ఆ మూత తీసే రూలు అసలు ఆటలో లేదట, మీ అమ్మ పెట్టిందే అన్నాను.

"తెలుసండి. నర్సింగు హాస్టల్లో ఆడేను. అంతా వెతికేను, లేదు" అంది.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఆ రోజు నువ్వన్నది నిజంగా అన్నావా అమ్మా? ఆటకన్నావా?"

పాప తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది.

"నిజంగానే అన్నానండి. ఎనిమిదేళ్ళ కోపం కదండి, ఎక్కడో ఒకచోట అనాల. అన్నాక నాకు తేలికైపోయింది. ఆదివారం చర్చికి బట్టలు సర్దుకునే వచ్చేనండి. సంచి బల్ల కింద పెట్టుకుని కూచున్నాను. నన్నెవరూ అడగలేదు."